లమ్మసింగి మంచు చూడటానికి వచ్చేవారికి, వారిని రమ్మని పిలిచే అధికారులకు ఒక బహిరంగ లేఖ

మన్యం పర్యాటకం మీద నిర్ణయాలు తీసుకునే జిల్లా, రాష్ట్ర అధికారులకు, ప్రజాప్రతినిధులకు, చలికాలంలో మా కొండలెక్కే సందర్శకులకు నమస్కారం.

నేను లమ్మసింగి దగ్గర ఒక చిన్న ఊళ్ళో కాఫీ తోట చూసుకుంటూ బతికే ఆదివాసీ మహిళను. మీ కాగితాల మీద మా ఊరి పేరు లంబసింగి. మేము లమ్మసింగి అంటాం. పెద్దవాళ్ళు కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రలా, అంటే కట్టెలా బిగుసుకుపోతాడని ఆ పేరు. ఇప్పుడు బయటివాళ్ళు 'ఆంధ్రా కాశ్మీర్' అంటున్నారు. ఏ పేరుతో పిలిచినా మాకు అభ్యంతరం లేదు. ఆ పేరు విని వచ్చేవాళ్ళ వల్ల మా బతుకు ఏమవుతోందో చెప్పాలనే ఈ ఉత్తరం.

మొదట అర్జీ పెట్టాం. మూడు ఊళ్ళవాళ్ళం కలిసి, సంతకాలు, వేలిముద్రలు పెట్టి, ఒక కార్యాలయంలో ఇచ్చాం. చూస్తామన్నారు. రెండోసారి వెళ్తే ఆ కాగితం ఏ సెక్షన్‌లో ఉందో తెలియదన్నారు. మూడోసారి వెళ్తే, టూరిస్టులు వస్తే మీకే కదా లాభం, ఎందుకు గొడవ అన్నారు. మేము గొడవకు వెళ్ళలేదు. టూరిస్టులు రావద్దని కూడా అనలేదు. మా మాట వినమన్నాం. అక్కడ వినలేదు కాబట్టి అందరి ముందు చెబుతున్నాం.

ముందుగా మీరు వచ్చే దారి గురించి చెప్పాలి. నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి లమ్మసింగి వస్తారు కదా. బ్రిటిష్ కాలంలో ఈ దారి వేసినప్పుడు రాళ్ళు మోసింది, మట్టి తవ్వింది మన్యం కూలీలు. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ కాంట్రాక్టరుతో కుమ్మక్కయి వాళ్ళకు రావాల్సిన కూలి ఇవ్వలేదు. అడిగినవాళ్ళను కొరడాలతో కొట్టించాడు. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు, అంటే కొండవాలున అడవి నరికి కాల్చి చేసే సాగు, పోయింది, అడవిలో అడుగుపెట్టే హక్కు పోయింది. దాని మీద ఈ వెట్టి. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెనుక నిలబడింది. ఆయన దళంలోని గాం గంటం దొర బట్టిపనుకుల మునసబు. ఆయన తమ్ముడు మల్లు దొర. ఇద్దరూ ఇక్కడివాళ్ళే.

1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. ఆ మర్నాడు కృష్ణదేవిపేట, ఆ తర్వాతి రోజు రాజవొమ్మంగి. చింతపల్లిలో తీసుకున్న తుపాకులు, తూటాల లెక్కంతా స్టేషన్ రికార్డులోనే రాసి, సీతారామరాజు సంతకం పెట్టి వెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు మన్యం వీరుల చేతిలో చనిపోయారు. 1924 మే 7న సీతారామరాజును పట్టుకుని కొయ్యూరులో కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గంటం దొర ఆ తర్వాతి నెలలోనే నేలకొరిగారు. మల్లు దొర అండమాన్ జైలుకు వెళ్ళి, తిరిగి వచ్చి, 1952లో పార్లమెంటు సభ్యుడయ్యారు.

ఇదంతా పరీక్ష కోసం చెప్పే పాఠం కాదండి. మీ కార్లు ఎక్కే ప్రతి మలుపులో ఈ కథ ఉంది. పోయిన చలికాలంలో మా ఇంటి ముందు ఆగిన ఒక కుటుంబాన్ని, చింతపల్లిలో 1922లో ఏం జరిగిందో తెలుసా అని అడిగాను. మంచి మనుషులే. తెలియదన్నారు. ఇక్కడ చూడటానికి మంచు తప్ప ఏముందని అడిగారు. వాళ్ళ తప్పు లేదు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఇక మా మీద పడుతున్న భారం.

1. దారి. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో, ముఖ్యంగా క్రిస్మస్ నుంచి సంక్రాంతి లోపు, తెల్లవారుజామున మూడు గంటలకే కార్లు బారులు తీరుతాయి. మేఘాలు చూడటానికి అందరూ ఎక్కే చెరువులవేనం కొండ దారిలో ఎదురుగా జీపు వస్తే తప్పుకునే చోటు ఉండదు. మేఘాలు విడిపోకముందే పైకి చేరాలని అందరికీ తొందర. పోయిన సీజన్‌లో ఒక ఆదివారం వేకువన మా తమ్ముడి భార్యకు నొప్పులు వచ్చాయి. ఆశ కార్యకర్త ఫోన్ చేసింది, అంబులెన్స్ బయల్దేరింది. కానీ రెండు వైపులా ఆపిన కార్ల మధ్య ఇరుక్కుపోయింది. కొందరు కార్లు అక్కడే వదిలి కొండెక్కారు, తీయమందామంటే మనిషి లేడు. చివరికి దుప్పటి కట్టి, డోలీలో మోసుకుంటూ కార్ల సందుల్లోంచి కిందికి తెచ్చాం. బిడ్డ దారిలోనే పుట్టాడు. ఎవరో టూరిస్టు అమ్మాయి తన స్వెట్టర్ విప్పి ఇచ్చింది, దాంట్లోనే చుట్టాం. ఆమెకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాం. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. రోడ్డు లేని గూడేల్లో డోలీ మోత మాకు కొత్త కాదు. తారు రోడ్డు ఉండి కూడా డోలీ కట్టాల్సి రావడం ఇదే మొదటిసారి.

2. నీళ్ళు. మా ఊళ్ళకు బోరు కంటే ఊటే ఆధారం. కొండ మీద ఊట దగ్గర చిన్న కట్ట కట్టి, పైపుతో కిందికి దింపుకున్న నీళ్ళే తాగుతాం. టెంట్లు వేసేది సరిగ్గా ఆ పైనే. మరుగుదొడ్డి లేకుండా పదుల టెంట్లు వేస్తే, తెల్లారి ఆ మనుషులంతా ఎక్కడికి వెళ్తారు? గెడ్డ, అంటే వాగు, పక్కకే వెళ్తారు. సీజన్ మొదలయ్యాక మా పిల్లలకు విరేచనాలు పట్టుకోని వారం లేదు. నీళ్ళు కాచి తాగండని చెబుతారు. కాచుకుంటాం. ఒకప్పుడు దోసిలి పట్టి తాగిన నీళ్ళు కాచుకోవాల్సి ఎందుకు వచ్చిందో కూడా చూడాలి కదా.

3. గాజు, ప్లాస్టిక్. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. మా కొండకు ఆ నిషేధం ఎక్కలేదు. ప్లేట్లు, గ్లాసులు గెడ్డలో తేలతాయి, ఆవులు నమిలేస్తాయి. వాటికన్నా గాజు సీసాలంటే మాకు భయం. తాగి బండకేసి కొడతారు. కాఫీ పండు కోయడానికి వెళ్ళే ఆడవాళ్ళలో చాలామందికి కాళ్ళకు చెప్పులుండవు. అరికాలు కోసుకుంటే వారం రోజుల కూలి పోయినట్టే.

4. పని దినాలు. ఇది బయటివాళ్ళకు తట్టని సంగతి, కాస్త ఓపికగా చదవండి. కాఫీ కోతకు వచ్చేది కూడా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. మీ సీజన్, మా సీజన్ ఒకటే. పండు ఎర్రబడ్డాక కోయడం ఆలస్యమైతే రాలిపోతుంది. కోసింది కోసినట్టు ఆరబెట్టాలి. ఇంటి ముందు కళ్ళం మీద గింజలు ఆరబోస్తే, రాత్రికి రాత్రి దాని మీద కారు పెట్టి నిద్రపోయినవాళ్ళున్నారు. రోడ్డు పక్క తోటల్లో దుమ్ము, పొగ పట్టిన గింజకు ధర తగ్గిస్తారు. వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయని ఫొటోల కోసం చేలల్లోకి దిగుతారు. పూలు చూసి మురిసిపోతే మాకూ సంతోషమే. కానీ అది పూలతోట కాదు, నూనెగింజల చేను. తొక్కిన చోట గింజ కట్టదు. రాజ్‌మా, అల్లం, పసుపు, మిరియం, ఈ మధ్య స్ట్రాబెర్రీ, వీటి మీదే మా ఏడాది ఖర్చంతా. చేను నష్టపోతే ఎవరిని అడగాలి? కారు నంబరు రాసుకునేలోపు కారు ఘాట్ దిగిపోతుంది.

5. నిప్పు. రాత్రి చలిమంటలకు అడవిలో పచ్చి కొమ్మలు కూడా నరుకుతారు. ఆర్పకుండా పోతారు. కొండ అంటుకుంటే మొదటి మాట మా మీదికే వస్తుంది, పోడు కోసం కాల్చారని. ఆ నింద నూటనలభై ఏళ్ళుగా మోస్తున్నాం. ఇంకొకరి మంటకు కూడా మమ్మల్నే అంటే ఎలా?

6. చదువులు. రాత్రి రెండింటి దాకా డీజే. పదో తరగతి పిల్లలు చెవుల్లో దూది పెట్టుకుని చదువుతున్నారు. ఇంకేం చెప్పను.

7. భూమి. నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించేది ఇది. 1959 భూబదలాయింపు నిబంధనను సవరించి తెచ్చిన 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి ఆదివాసీల మధ్య, లేదా ఆదివాసీలే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప ఇంకెవరికీ మారకూడదు. అమ్మకమే కాదు, లీజు కూడా చెల్లదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్ళి, ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని చెప్పింది. కానీ మా మధ్య జరుగుతున్నదేమిటి? టెంట్లకు, అద్దె గదులకు పేరు మావాడిది, పెట్టుబడి మైదానంవాడిది. మావాడికి నెలకు ఇంత అని జీతం, లేదా ఒక పాత బండి. రేట్లు పెట్టేది, లెక్క చూసేది, డబ్బు పట్టుకెళ్ళేది ఆ మైదానంవాడు. ఆ గదుల్లో దుప్పట్లు ఉతికేది, గిన్నెలు తోమేది మా ఆడపిల్లలు. 2025 ఫిబ్రవరిలో 1/70 చట్టాన్ని సడలిస్తారన్న మాట పుట్టగానే మన్యమంతా బంద్ చేసింది. అది రాజకీయం కోసం చేసింది కాదండి. చేతిలో ఉన్న ఆఖరి కాగితం పోతుందేమోనన్న టెన్షన్.

టూరిజం వల్ల మాకు లాభమే లేదని చెబితే అది అబద్ధం. మా ఊళ్ళో ముగ్గురు కుర్రాళ్ళు జీపులు తోలుకుని ఇల్లు కట్టుకున్నారు. మా పిన్ని రోడ్డు పక్కన టీ, ఉడకబెట్టిన వేరుశెనగలు అమ్మి కూతుర్ని నర్సింగ్ చదివిస్తోంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా కాఫీ గింజలు ఏటా తెప్పించుకుంటారు. ఆ దారి మూయమని మేము ఎప్పుడూ అడగలేదు. ఈ కొండ మీద వచ్చే పైసలో మా వాటా ఎంత, ఆ లెక్క ఎవరు చెబుతారు? మేము అడుగుతున్నది ఇదే. వందేళ్ళ కిందట రోడ్డు కూలి అడిగినవాళ్ళూ అదే అడిగారు.

మా కోరికలు ఇవి. అన్నీ ఈ సీజన్‌లోనే చేయగలిగినవి అనను. మొదటి మూడు మాత్రం ఆగలేవు.

ఒకటి. శని, ఆదివారాల్లో, పండుగ సెలవుల్లో చెరువులవేనం వైపు సొంత కార్లు ఎక్కనివ్వకండి. కింద మెయిన్ రోడ్డు మీద పార్కింగ్ పెట్టి, అక్కడి నుంచి మా కుర్రాళ్ళ జీపుల్లో తీసుకెళ్ళండి. రేటు బోర్డు మీద రాయండి, ఎవరినీ దోచుకోవాలని మాకు లేదు. అంబులెన్స్ వస్తే పది నిమిషాల్లో దారి ఖాళీ అయ్యేలా ఇద్దరు మనుషులు ఫోన్‌తో ఉండాలి. నెలలు నిండిన ఆడవాళ్ళ పేర్లు ఆశ కార్యకర్తల దగ్గర ఉంటాయి. సీజన్‌కు ముందే వాళ్ళను ఆసుపత్రి దగ్గర ఉంచే ఏర్పాటు చేయండి.

రెండు. ఊటకు పైన టెంట్ వేయకూడదు. ఏ ఊట ఎక్కడుందో మేము చూపిస్తాం, రాళ్ళకు సున్నం కొట్టి హద్దు పెట్టండి. మరుగుదొడ్డి లేని చోట రాత్రి బసకు అనుమతి వద్దు. దారి మొదట్లో, వ్యూ పాయింట్ దగ్గర, కొత్తపల్లి జలపాతం దగ్గర ఆడవాళ్ళకు వేరుగా మరుగుదొడ్లు కట్టి, నీళ్ళు పెట్టి, వాటిని చూసుకునే మనిషికి జీతం ఇవ్వండి. కట్టి తాళం వేసినవి మాకు వద్దు.

మూడు. ఘాట్ కింద చెక్‌పోస్టులో ప్రతి సీసాకు, ప్రతి ప్లాస్టిక్ బాటిల్‌కు కొంత డబ్బు జమ చేయించుకోండి. దిగేటప్పుడు ఖాళీది చూపిస్తే తిరిగి ఇచ్చేయండి. చెత్త మొత్తం వాహనంలో కిందికి దించాలి. ఇక్కడే గోతిలో వేసి కాల్చేస్తే ఆ పొగ మా ఇళ్ళలోకే వస్తుంది.

నాలుగు. లమ్మసింగి, తాజంగి, చెరువులవేనం చుట్టూ ఉన్న ప్రతి టెంటు, ప్రతి గది ఎవరి పేరున ఉంది, నిజంగా నడుపుతున్నది ఎవరు అన్న జాబితా తయారుచేసి పంచాయతీ గోడ మీద అంటించండి. 1996 పెసా చట్టం ప్రకారం ఊరి వనరులు, ఆచారాలు కాపాడుకునే అధికారం గ్రామసభది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా అడవిని, నీటి వనరులను, మా సంస్కృతిని కాపాడే బాధ్యత గ్రామసభకే ఇచ్చింది. కాబట్టి కొత్త అనుమతి ఏదైనా గ్రామసభ తీర్మానం తర్వాతే ఇవ్వండి. సంతకాల కోసం ఇంటింటికీ తిప్పే కాగితాన్ని తీర్మానం అనకండి.

ఐదు. ప్రవేశ రుసుము వసూలు చేస్తే ఆ డబ్బు గ్రామసభ ఖాతాలో పడాలి. ప్రతి నెలా లెక్క చదివి వినిపించాలి. చదువురానివాళ్ళకు అర్థమయ్యేలా, నోటితో.

ఆరు. మా చరిత్రకు దారి చూపండి. నర్సీపట్నం నుంచి పైకి వచ్చే రోడ్డు మీద, ఈ రోడ్డు ఎవరి చెమటతో పడిందో చెప్పే బోర్డు పెట్టండి. చింతపల్లి, దామనపల్లి, కొయ్యూరు, కృష్ణదేవిపేటలను కలిపి ఒక యాత్రగా చేయండి. కృష్ణదేవిపేట ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది, కనుక రెండు జిల్లాలవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవాలి. మంచు మూడు నెలలే. ఈ కథ పన్నెండు నెలలూ చెప్పుకోవచ్చు. అప్పుడు ఒకే ఆదివారం అందరూ ఒకే కొండ మీద పడరు, మా పిల్లలకు ఏడాది పొడవునా పని ఉంటుంది. తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం మంజూరు చేశారు, చాలా సంతోషం. అందులో కథ చెప్పే ఉద్యోగాలు మా చదువుకున్న పిల్లలకే ఇవ్వండి. సీతారామరాజు విగ్రహం పక్కన గంటం దొర, మల్లు దొరలతో పాటు ఆ రోజుల్లో జైళ్ళకు వెళ్ళిన, చనిపోయిన మామూలు మనుషుల పేర్లు కూడా ఊరి వారీగా రాయండి. మా తాతలు చెప్పగా విన్న ముసలివాళ్ళు ఇంకా కొందరు మిగిలారు. ముందు వాళ్ళ మాటలు రికార్డు చేయండి. దానికి బిల్డింగ్ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. మా మామ్మ పోయిన ఏడాది పోయింది. ఆమెకు తెలిసిన పాటలు పదకొండు నేను రాసుకున్నాను. మిగతావి ఆమెతోనే పోయాయి.

ఏడు. థింసా. ఆడవాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఊరంతా కలిసి ఆడే ఆట అది. ఇటుకల పండుగకు ఆడతాం, పెళ్ళికి ఆడతాం. తాగినవాళ్ళ చలిమంట చుట్టూ రాత్రి పదకొండింటికి ఆడమని పిలిపించడం ఆపించండి. చూడాలనుకునేవాళ్ళకు పగటిపూట, ఊరి నడుమ, ఊరి పెద్దలు ఒప్పుకున్న రోజున ఆడి చూపిస్తాం. ఆడినవాళ్ళ డబ్బు ఆడినవాళ్ళ చేతికే ఇవ్వాలి.

ఎనిమిది. జలపాతం దగ్గర, తాజంగి రిజర్వాయర్ దగ్గర ఈత వచ్చిన మా కుర్రాళ్ళను కాపలా పెట్టండి. ఏ బండ జారుతుందో వాళ్ళకే తెలుసు.

సందర్శకులకు రెండు మాటలు. మీ మీద మాకు కోపం లేదు. ఊళ్ళో రాత్రి ఉండాలనుకుంటే, గది ఎవరిదని ఒక్కసారి అడగండి. మా వాళ్ళదైతే ఉండండి. కాఫీ, మిరియాలు, రాజ్‌మా కొనాలనుకుంటే పండించినవాళ్ళ దగ్గర కొనండి. చేలోకి దిగే ముందు గట్టు మీద నిలబడి ఒక కేక వేయండి, ఎవరో ఒకరు వస్తారు, ఎక్కడ నిలబడితే ఫొటో బాగా వస్తుందో వాళ్ళే చెబుతారు. ఇల్లు, స్నానం, పిల్లలు, ఇవి ఫొటోకు కాదు.

అధికారులకు మళ్ళీ ఒక్క మాట. చింతపల్లి స్టేషన్‌లో ఆయుధాలు పట్టుకెళ్ళినవాళ్ళు కూడా ఏం తీసుకున్నారో రాసి, సంతకం పెట్టి వెళ్ళారు. మా అర్జీకి మాత్రం ఇప్పటికీ రసీదు లేదు. ఈ ఉత్తరానికి జవాబు కాగితం మీద ఇవ్వండి. ఏది చేస్తారు, ఏది చేయలేరు, ఎప్పటికి చేస్తారు అని రాయండి. కుదరదన్నా సరే, ఎందుకు కుదరదో రాయండి, చదువుకుంటాం.

సీజన్ మొదలయ్యేలోగా, అక్టోబరులోనే, మా ఊరికి వచ్చి గ్రామసభ పెట్టండి. మండల ఆఫీసుకు మమ్మల్ని పిలవకండి. ముసలివాళ్ళు అంత దూరం రాలేరు, వాళ్ళ మాట కూడా మీరు వినాలి. వారం ముందు దండోరా వేయించండి. సంత రోజు మాత్రం పెట్టకండి, ఆ రోజు ఊళ్ళో ఎవరూ ఉండరు.

ఇట్లు,
చెరువులవేనం దారిలో ఉండే ఒక కాఫీ రైతు,
అర్జీ మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టిన మూడు ఊళ్ళ తరఫున